మెకాడమ్

బాటలు లేని దేశము రక్తనాళములు లేని దేహము వంటిది. పొలమున పండిన పంట సంతకు చేరవలెనన్నను, రోగి వైద్యుని యొద్దకు పోవలెనన్నను, విద్యార్థి పాఠశాలకు నడువవలెనన్నను బాటయే ఆధారము. వానకు బురదగాక, బండిచక్రముల క్రింద క్రుంగక నిలుచు బాటను, ఆ ప్రాంతమున దొరకు రాతితోడనే తక్కువ వ్యయముతో నిర్మింపవచ్చునని లోకమునకు నేర్పిన మహనీయుడు జాన్ లౌడన్ మెకాడమ్. ఆతడు చదువుచేత ఇంజనీరు కాడు, వర్తకుడు. తన పద్ధతిని నిరూపించుటకు తగిన అధికారము చేతికి వచ్చునప్పటికి ఆతనికి అరువదియేండ్లు సమీపించినవి. అయినను కంకర పరచి వేసిన బాటను ఇంజనీర్లు నేటికిని ఆతని పేరుతోనే పిలుచుచున్నారు.

మెకాడమ్ 1756వ సంవత్సరము సెప్టెంబరు మాసమున స్కాట్లండు దేశమందలి ఎయిర్ పట్టణమున జన్మించెను. తండ్రి చిన్న భూస్వామి. వంశమునకు గౌరవము కలదు గాని సంపద అంత స్థిరమైనది కాదు. మెకాడమ్ పసివాడై యుండగనే వారి ఇల్లు అగ్నికి ఆహుతియయ్యెను. మేబోల్ అను గ్రామమున చదువుకొను దినములలోనే ఆతడు సమీపమందలి బాటకు చిన్న నమూనాను చేసి చూపెనని చెప్పుదురు. ఇతర బాలురు బొంగరములు త్రిప్పు వయస్సున ఈ బాలుని దృష్టి తాను నడచు నేలమీద నిలిచెను.

1770లో తండ్రి మరణించెను. అప్పటికి మెకాడమ్‌కు పదునాలుగేండ్లు నిండలేదు. తండ్రి సోదరుడొకడు అమెరికాలోని న్యూయార్కు నగరమున వర్తకము చేయుచుండెను. బాలుడు అట్లాంటిక్ మహాసముద్రమును దాటి ఆతని పంచ చేరి, లెక్కలు వ్రాయుట, సరకుల మంచిచెడ్డలు నిర్ణయించుట, మనుష్యులతో మెలగుట నేర్చుకొనెను. కొలదికాలమునకే అమెరికా వలసలు ఇంగ్లండుపై తిరుగబడి స్వాతంత్ర్యయుద్ధము సాగించినవి. మెకాడమ్ రాజపక్షమున నిలిచెను. యుద్ధమున పట్టువడిన ఓడలను, వానిలోని సరకులను విక్రయింపజేయు ఏజెంటుగా పనిచేసి ధనము గడించెను. అక్కడనే వివాహము చేసికొనెను. కాని యుద్ధమున రాజపక్షము ఓడిపోయెను. గెలిచినవారి ప్రభుత్వము ఆతని ఆస్తిలో చాలభాగమును స్వాధీనము చేసికొనెను. 1783లో మెకాడమ్ మిగిలిన ధనమును చేతబట్టుకొని, భార్యాబిడ్డలతో స్వదేశమునకు మరలివచ్చి, మేబోల్ సమీపమున సాక్రి అను ఎస్టేటును కొని స్థిరపడెను.

ఆ కాలమున ఓడల అడుగుభాగమును పురుగులు తొలచివేయకుండ తారు, అనగా కీలు, పూయుచుండిరి. డండొనాల్డు ప్రభువు బొగ్గునుండి తారు తీయు పద్ధతిని కనిపెట్టి బట్టీలు కట్టించెను. మ్యూర్‌కర్క్ అను చోటనున్న బట్టీల నిర్వహణమును మెకాడమ్ చేపట్టెను. అయితే నౌకాదళమువారు ఓడల అడుగున రాగిరేకులు తాపింప మొదలిడుటచే తారునకు గిరాకి తగ్గెను. మెకాడమ్‌కు ఆ వ్యాపారము కలిసిరాలేదు. ఇక్కడ ఒక విచిత్రము గమనింపదగియున్నది. తరువాతి కాలమున ఏ తారు ఆతని బాటలతో విడదీయరాని సంబంధము పొందినదో, ఆ తారు ఆతని కన్నుల యెదుట పీపాలకు పీపాలుగా నిండుచుండెను. కాని దానిని బాటకు పూయవలెనను పద్ధతి ఆతనిది కాదు.

ఎయిర్ ప్రాంతమున మెకాడమ్ బాటల ధర్మకర్తలలో ఒకడుగా నియమింపబడెను. అప్పుడు బ్రిటనులో ప్రధానమైన బాటలు ట్రస్టుల అధీనమున నుండెడివి. స్థానికులైన భూస్వాములు, వర్తకులు ధర్మకర్తలుగా కూడి, పార్లమెంటు అనుమతితో అప్పుచేసి, బాటకు అడ్డముగా గేటు నిలిపి, పోవు బండ్లయొద్ద సుంకము వసూలుచేసి, ఆ ధనముతో బాటను బాగుచేయవలెను. ఏర్పాటు మంచిదే. కాని బాటపనిలో ఓనమాలు తెలియనివారిని పర్యవేక్షకులుగా నియమించుచుండిరి. సుంకము పెరిగెను, అప్పు పెరిగెను, బాట మాత్రము బాగుపడలేదు. గుంట పడినచోట మట్టితో కలిసిన గుండ్రాళ్లను బండ్లకొలది కుమ్మరించి చేతులు దులుపుకొనుచుండిరి. చలికాలమున చక్రములు ఇరుసులదాక దిగబడుచుండెను. బండ్లు తలక్రిందులై ప్రయాణికులు గాయపడుచుండిరి.

బాటలు పాడగుటకు బండ్లే కారణమని పార్లమెంటు తలచెను. చక్రములు వెడల్పుగా నుండవలెననియు, ఇన్ని గుఱ్ఱములకు మించి పూన్పరాదనియు శాసనములు చేసెను. మెకాడమ్ ఆలోచన దీనికి పూర్తిగా భిన్నమైనది. బండికి తగినట్లు బాటను చేయవలెను గాని, బాటకు తగినట్లు బండిని చేయుమనుట సరికాదని ఆతని నిశ్చయము.

1798లో ఆతడు నౌకాదళమునకు ఆహారపదార్థములు సమకూర్చు ఏజెంటుగా ఇంగ్లండునకు నైరృతి మూలనున్న ఫాల్మత్ రేవునకు వచ్చెను. తరువాత బ్రిస్టల్ నగరమున నివాసమేర్పరచుకొనెను. ఉద్యోగరీత్యా ఎక్కడకు పోయినను ఆతని చూపు బాటమీదనే యుండెను. ఎక్కడ బాట చెడినది, ఏల చెడినది, నీరు ఏవైపు పోవుచున్నది, రాయి ఏ ఆకారమున నున్నది అని పరీక్షించి వ్రాసికొనెడివాడు. 1814 నాటికి ఆతడు ఇట్లు 30,000 మైళ్లకు పైగా తిరిగెను. ఇందులకు 5,000 పౌన్లకు పైబడి సొంతధనము వెచ్చించెను. ఎవరును ఆతనిని ఈ పనికి నియమింపలేదు, ఎవరును జీతమీయలేదు.

ఈ పరిశీలనమునుండి ఆతడు తెలిసికొన్న సత్యములు మిక్కిలి సరళమైనవి. మొదటిది: బరువును మోయునది నేల. పొడిగానున్న నేల ఎంతటి బరువునైనను మోయును. తడిసిన నేల మోయలేదు. కావున బాట నిర్మించువాని ప్రథమకర్తవ్యము నీటిని నేలలోనికి పోనీయకుండుట. బాటను చుట్టునున్న నీటిమట్టమునకు ఎత్తుగా వేయవలెను. ఇరుప్రక్కల కాలువలు త్రవ్వవలెను. బాట నడుమ కొంచెము ఉబ్బెత్తుగా నుండవలెను. 30 అడుగుల వెడల్పు గల బాటకు నడుమ 3 అంగుళముల ఎత్తు చాలునని ఆతని లెక్క. ఇంటికి కప్పు ఎట్టిదో నేలకు బాట అట్టిదని ఆతని భావము.

రెండవది రాతిని గూర్చినది. గుండ్రాళ్లు ఒకదానితో నొకటి కరచుకొనవు. చక్రము తగులగనే దొర్లిపోవును. పెద్దరాతి యొక్క ఒక కొనమీద చక్రమెక్కినచో రెండవ కొన పైకి లేచును. తోడి రాళ్లను కదలించును. చిన్నవిగా పగులగొట్టిన రాళ్లకు కోణములుండును. అవి ఒకదాని సందులో నొకటి ఇమిడి బిగిసికొనును. చక్రపు ఇనుపపట్టా వెడల్పుకంటె రాయి చిన్నదైనచో చక్రము దానిని తిరుగవేయజాలదు. బండ్లు నడచినకొలది రాళ్లు మరింత బిగిసి, బాట ఒకే పలకవలె నగును. అందుచే ఏ రాయియు 6 ఔన్సుల బరువునకు మించరాదని ఆతడు నియమము పెట్టెను. ఇట్టి కంకరను సుమారు 10 అంగుళముల మందమున పొరలు పొరలుగా పరచిన చాలును. నీటిని పీల్చుకొను మట్టిని, సుద్దను రాతిలో కలుపరాదని గట్టిగా శాసించెను.

ఆ కాలముననే థామస్ టెల్‌ఫర్డ్ అను మహా ఇంజనీరు స్కాట్లండులోను, వేల్సులోను ప్రశస్తమైన బాటలు వేయించెను. ఆతడు అడుగున పెద్దరాళ్లను చేతితో పేర్చి పునాది వేయించి, దానిపై చిన్నరాళ్లు పరపించెడివాడు. ఆ బాటలు గట్టివే. కాని వ్యయము హెచ్చు. నేలను పొడిగా ఉంచగలిగినచో రాతిపునాది అనవసరమని మెకాడమ్ వాదించెను. పాత బాటను త్రవ్వి, అందలి పెద్దరాళ్లనే పగులగొట్టి మరల పరచినచో క్రొత్తరాతిని కొనవలసిన పని కూడ చాలచోట్ల ఉండదని చూపెను. అప్పులలో మునిగియున్న ట్రస్టులకు ఈ పద్ధతి ప్రాణదానము వంటిదయ్యెను.

1816లో బ్రిస్టల్ బాటల ట్రస్టువారు మెకాడమ్‌ను పర్యవేక్షకుడుగా నియమించిరి. అంతవరకు వాదములతో చెప్పినదానిని చేతలతో చూపవలసిన సమయము వచ్చెను. ఓడిపోయినచో ముప్పదియేండ్ల శ్రమ నగుబాటు పాలగును. ఆతడు పాత బాటలను త్రవ్వించెను. కూలివారు నిలువబడి పెద్ద సమ్మెటలతో రాళ్లు కొట్టు వాడుకను మాన్పించి, కూర్చుండి చిన్న సుత్తులతో కొట్టు ఏర్పాటు చేసెను. దీనిచే బలశాలురే కాక స్త్రీలు, వృద్ధులు, బాలురు కూడ కంకర కొట్టి కూలి సంపాదించుకొనిరి. నాటి పేదరికమున ఆ కూలి ఎన్నో సంసారములను నిలిపెను. అయినను బాలురచే రాళ్లు కొట్టించుట నేటి ధర్మము కాదు. పర్యవేక్షకులు త్రాసు పట్టుకొని రాళ్ల బరువు చూచెడివారు. త్రాసు లేనిచోట, నోట పట్టు రాయియే తగిన రాయి అను ఆనవాలు వాడుకలోనికి వచ్చెను. ఒక ముసలివాడు కొట్టిన రాళ్లు మరీ పెద్దవిగా నుండగా విచారింపగా, వాని నోట పండ్లు లేవని తేలినదట! ఇది జనులు నవ్వుకొనుటకు చెప్పుకొను కథ.

బ్రిస్టల్ బాటలు బాగుపడెను. వాని కీర్తి దేశమంతట ప్రాకెను. 1816లోను, 1819లోను మెకాడమ్ తన పద్ధతిని వివరించుచు గ్రంథములు ప్రకటించెను. పార్లమెంటు సంఘములు ఆతనిని పిలిపించి సాక్ష్యము తీసికొనెను. ఆతని కుమారులును ఈ వృత్తిలోనే ప్రవేశించి అనేక ట్రస్టులకు పర్యవేక్షకులైరి. మంచి బాటలమీద తపాలాబండ్లు గంటకు 10 మైళ్ల వేగముతో పరుగెత్త సాగెను. సముద్రమునకు ఆవల అమెరికాలోని మేరీలాండులో 1823లో ఈ పద్ధతిని అనుసరించి బాట వేసిరి.

కీర్తి వెంట అసూయయు వచ్చెను. మెకాడమ్ కనిపెట్టినది ఏమియు లేదనియు, చిన్నరాళ్లు అంతకు పూర్వము కూడ వాడుకలో నుండెననియు కొందరు వాదించిరి. కుటుంబమంతయు బాటలమీద బ్రతుకుచున్నదని మరికొందరు నిందించిరి. చిన్నరాళ్లను వాడుట పూర్తిగా క్రొత్త కాదన్నమాట నిజమే. కాని నేల, నీరు, రాయి అను మూటిని ఒక్క సూత్రమున బంధించి, పర్యవేక్షణమును, లెక్కలను చక్కజేసి, ఎవరైనను అనుసరింపదగిన పద్ధతిగా తీర్చినవాడు మెకాడమే. ఆతడు తన పద్ధతికి పేటెంటు తీసికొనలేదు. కోరినవారికెల్ల దానిని తెలిపెను. పార్లమెంటు ఆతనికి ధనము మంజూరు చేసినప్పుడు ఆ మొత్తమును గూర్చి కూడ వివాదము చెలరేగెను. 1827లో ఆతడు బాటల ప్రధాన పర్యవేక్షకుడుగా నియమింపబడెను. ప్రభుత్వము సర్ బిరుదమీయ దలపగా వార్ధక్యముచే దానిని వలదనెను. 1834లో ఆ బిరుదము ఆతని కుమారుడు జేమ్సునకు లభించెను.

వార్ధక్యమున మెకాడమ్ లండనుకు ఉత్తరముననున్న హాడ్స్‌డన్‌లో నివసించుచు, ఏటేట వేసవిలో స్వదేశమైన స్కాట్లండును దర్శించి వచ్చెడివాడు. 1836లో అట్లు పోయి తిరిగివచ్చుచు, మొఫాట్ అను ఊర నవంబరు 26వ తేదీన ఎనుబదియవ యేట కన్నుమూసెను. తాను జీవితమంతయు బాగుచేయ తపించిన బాటమీదనే, ప్రయాణమధ్యముననే ఆతని జీవయాత్ర ముగిసెను.

అప్పటికే రైళ్లు వచ్చియుండెను. దూరప్రయాణములు రైలుపట్టాల పాలుకాగా బాటలు కొంతకాలము వెనుకబడెను. ఇరువదవ శతాబ్దారంభమున మోటారుకార్లు వచ్చి బాటలను మరల మేల్కొలిపెను. కాని క్రొత్త చిక్కు తోడుగా వచ్చెను. బండి చక్రములు రాతిపొడిని నొక్కి సందులు నింపెడివి. కార్ల రబ్బరు చక్రములు ఆ పొడిని పైకి లాగి వెదజల్లెను. వేసవిలో తేమ ఆరినప్పుడు రాళ్లు పట్టు విడెను. దుమ్ము మేఘములవలె లేచెను. తూర్పుఇండియా దీవులలో వైద్యుడుగా పనిచేసివచ్చిన స్విట్జర్లండు దేశీయుడు గుగ్లియెల్మినెట్టి, 1902లో మొనాకోలో వేడి తారును బాటపై పూయించి దుమ్మును అణచెను. అదే సంవత్సరమున ఇంగ్లండులో హూలీ అను ఇంజనీరు తారు కలిపిన కంకరకు పేటెంటు పొందెను. మెకాడమ్ పేరునకు తారు చేరి టార్మాక్ అను మాట పుట్టెను. మ్యూర్‌కర్క్ బట్టీలలోని తారు నూరేండ్లకు ఆతని రాతిని వెదకికొని వచ్చి కలిసినట్లయ్యెను.

చలిదేశములలో పుట్టిన ఈ బాట ఉష్ణదేశములకు వచ్చినప్పుడు ఎండ దానికి పరీక్ష పెట్టెను. మెకాడమ్‌కు నీరు శత్రువు. తరువాతివారికి వేడిమి శత్రువయ్యెను. బొగ్గుతారు ఎండకు త్వరగా మెత్తబడును. నేడు మనము తారురోడ్డు అనుచున్నదానిలో సాధారణముగా నుండునది బొగ్గుతారు కాదు; ముడిచమురునుండి వచ్చు బిట్యుమెన్. అదియు నల్లనిదగుటచే ఎండను పీల్చుకొనును. తెలంగాణములోను, రాయలసీమలోను వేసవి మధ్యాహ్నమున గాలి వేడిమి 45 డిగ్రీలు చేరునప్పుడు బాట పైభాగము 60 డిగ్రీలవరకు కాగును. అప్పుడు మెత్తనైన బిట్యుమెన్ బరువులారీల క్రింద ప్రక్కకు జరుగును. చక్రముల జాడలలో గాళ్లు పడును. బిట్యుమెన్ మోతాదు మించినచో పైకి ఉబికి నిగనిగలాడుచు జారుడు పుట్టించును.

ఇందులకు ఇంజనీర్లు మూడు జాగ్రత్తలు తీసికొందురు. మొదటిది, ఎండకు తగిన బిట్యుమెనును ఎన్నుకొనుట. పూర్వము మన దేశమున 25 డిగ్రీల వేడిమివద్ద సూది గ్రుచ్చి అది ఎంతలోతు దిగునో చూచి బిట్యుమెనును తరగతులుగా విభజించెడివారు. అది వేసవి స్వభావమును తెలుపజాలదు. 2006లో భారతీయ ప్రమాణము మారి, 60 డిగ్రీల వద్ద చిక్కదనమును కొలుచు పద్ధతి వచ్చెను. ఎండయు బరువు వాహనములును హెచ్చుగా గలచోట చిక్కదనము ఎక్కువైన తరగతిని వాడుదురు. రెండవది, మిశ్రమమున సన్నని ఖాళీలను నిలుపుట. కుండనిండ పాలుపోసి కాచిన పొంగిపోవునట్లే, వేడికి వ్యాకోచించు బిట్యుమెనునకు చోటు లేనిచో అది పైకి వచ్చును. అందుచే అణచిన మిశ్రమమున నూటికి 3 మొదలు 5 వంతుల ఖాళీ ఉండునట్లు చూతురు. మూడవది, పరచు వేళను, రోలరు నడుపు వేళను కనిపెట్టుట. చలిగాలిలో మిశ్రమము త్వరగా చల్లారును గనుక తొందరపడవలెను. ఎండకాలమున అది చాలసేపు వేడిగా నుండును. రోలరు క్రింద ముందుకు త్రోసికొనిపోవుచున్నచో కొంత నిదానింపవలెను. బాట చల్లారి గట్టిపడువరకు వాహనములను రానీయరాదు. రాత్రివేళ పరచుట ఇందులకు అనుకూలము.

అయితే ఈ మూడు జాగ్రత్తలకును వెనుక మెకాడమ్ సూత్రమే నిలిచియున్నది. ఎండకు బిట్యుమెన్ మెత్తబడినప్పుడు బరువును మోయవలసినది రాయే. నదిలోని నున్నని గులకరాళ్లను వాడినచో అవి మెత్తని జిగురులో జారిపోవును. కోణములు గల గ్రానైటు కంకరయో, దక్కను నల్లరాతి కంకరయో ఒకదాని నొకటి కరచుకొని, జిగురు సడలినను స్థానము విడువక నిలుచును. బిట్యుమెన్ రాతిని కలిపి పట్టును; వాననీటిని లోనికి పోనీయదు. బలమును మాత్రము రాతి కూర్పు ఈయవలెను.

వేసవి యెండలో పొగలు గ్రక్కు యంత్రము నల్లని మిశ్రమమును పరచుచుండగా దానివెంట రోలరు నడచును. ఆ నలుపు క్రింద చేతికి ఇమిడునంతటి చిన్నరాళ్లు వేలకొలది ఒకదానికొకటి ఆసరాగా నిలిచి లారీల బరువును మోయుచుండును. ఏ ఒక్క రాయియు తనంత బలమైనది కాదు. కలిసి బిగిసినప్పుడు అవి కదలవు. ఇరుప్రక్కల కాలువలు పూడిపోకుండ, నేల తడవకుండ కాపాడుకొన్నంతకాలము ఆ బాట నిలుచును. రెండు శతాబ్దములకు పూర్వము త్రాసు చేతబట్టుకొని బ్రిస్టల్ బాటలవెంట తిరిగిన మెకాడమ్ కోరినది ఇంతియే.